చందమామ మట్టి, బహుమతి సొమ్ము

హొసూరులో నేను పనిచేసిన రోజుల్లో మా బ్రాంచి వీధి చివర ఒక లేత్ షాపు ఉండేది. యజమాని మన తెలుగువాడే. ఎన్ని తరాలుగా ఆ ఊళ్ళో ఉంటున్నారో వాళ్ళకే లెక్క తెలియని కుటుంబం. ఒకరోజు ఆయన అప్పు కోసం వచ్చాడు. చింతపండులో గింజ తీసే మిషన్ ఎవరు బాగా చేస్తే వాళ్ళకు బహుమతి ఇస్తామని ఎక్కడో ప్రకటించారట. "గెలిచిన డబ్బు నేరుగా మీ బ్యాంకులోనే జమ చేసుకోండి సార్" అన్నాడు. "గెలవకపోతే?" అన్నాను. ఆయన నవ్వి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రాబోయే బహుమతిని హామీగా రాసుకునే గడి ఏ అప్పు ఫారంలోనూ ఉండదు. కాబట్టి నేను చేసింది తప్పని ఇప్పటికీ అనలేను.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పెట్టిన కొన్ని పోటీల చరిత్ర చదువుతున్నప్పుడు ఆ నవ్వు నాకు మళ్ళీ గుర్తొచ్చింది. అవి చంద్రుడి మీద మనుషులు నిలకడగా బతకడానికి కావలసిన యంత్రాల కోసం పెట్టిన పోటీలు.

1969 నుంచి 1972 దాకా ఆరుసార్లుగా పన్నెండుమంది చంద్రుడి మీద నడిచి వచ్చారు. అందరికంటె ఎక్కువ కాలం ఉన్నవాళ్ళు కూడా మూడు రోజులే ఉన్నారు. అన్నం, నీళ్ళు, పీల్చే గాలి అన్నీ ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళినవే. నెలల తరబడి ఉండాలంటే ఆ మోత సాగదు. అయితే చందమామ మట్టి బరువులో నూటికి నలభై పాళ్ళకు పైగా ప్రాణవాయువే. అది సిలికాన్, ఇనుము వంటి వాటితో గట్టిగా కలిసిపోయి ఉంటుంది. దాన్ని విడదీయాలంటే ముందు మట్టి తవ్వాలి. అదీ మన పొలం మట్టి వంటిది కాదు. గాలీ నీరూ అరగదీయని చోట కావడంతో ప్రతి రేణువూ గాజుపెంకులా పదునుగా ఉంటుంది. 1972 డిసెంబరులో అపోలో 17 వ్యోమగాముల బండికి చక్రం మీది రేకు విరిగితే, లేచిన దుమ్ము వాళ్ళ మీదే కురిసింది. చివరికి మ్యాపు కాగితాలను టేపుతో అతికించి రేకులా కట్టుకున్నారు. కోట్ల డాలర్ల ప్రయాణంలో పనికొచ్చింది టేపు చుట్ట!

2005 మే నెలలో నాసా మూన్‌రాక్స్ అనే పోటీ ప్రకటించింది. చందమామ మట్టిని పోలిన మట్టి నుంచి ఎనిమిది గంటల్లో 5 కిలోల ప్రాణవాయువు తీసినవారికి 2,50,000 డాలర్లు ఇస్తామన్నారు. 5 కిలోలంటే ఒక మనిషికి ఆరు రోజుల ఊపిరి. ఎవరూ తీయలేకపోయారు. తర్వాత బహుమతిని 10 లక్షల డాలర్లకు పెంచినా ఎవరూ గెలుచుకోలేదు. గడువు ముగిసింది, నాసా డబ్బు నాసా దగ్గరే ఉండిపోయింది. 2023లో అటువంటి మట్టి నుంచే, గాలి లేని గదిలో, ప్రాణవాయువు తీసి చూపింది హూస్టన్‌లోని నాసా సొంత శాస్త్రజ్ఞులు. వాళ్ళు నెలజీతం మీద పనిచేసినవాళ్ళు.

మా లెక్కల భాషలో చెప్పాలంటే బహుమతి అనేది బ్యాంకు గ్యారంటీ వంటిది. షరతు నెరవేరేదాకా ఇచ్చేవాడి పెట్టెలోంచి పైసా కదలదు. బ్యాలెన్స్ షీటులో అది మొత్తాల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాల్గొనేవాడి ఖర్చు మాత్రం మొదటి రోజు నుంచే అసలు ఖర్చు.

మట్టి తవ్వే పోటీ 2007లో కాలిఫోర్నియాలోని శాంటా మరియాలో జరిగింది. అరగంటలో 150 కిలోలు తవ్వి పోయాలి. అందరికంటె ఎక్కువ తవ్విన యంత్రం 65 కిలోల దగ్గర ఆగిపోయింది. 2008లోనూ ఎవరూ గెలవలేదు. 2009లో మొత్తం బహుమతి 7,50,000 డాలర్లు చేసి, అక్టోబరు 17, 18 తేదీల్లో నాసా వారి ఏమ్స్ పరిశోధన కేంద్రంలో పోటీ పెట్టారు.

ఆ తేదీలు గమనించదగ్గవి. సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, అదే కేంద్రం నడిపిన ఎల్‌క్రాస్ అనే ప్రయోగంలో ఒక ఖాళీ రాకెట్ భాగాన్ని చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గరి కేబియస్ బిలంలోకి పడేశారు. లేచిన ధూళిలో నీరు కనిపించిందని నవంబరులో ప్రకటించారు. అంతకు ముందు సెప్టెంబరులోనే, మన శ్రీహరికోట నుంచి 2008లో వెళ్ళిన చంద్రయాన్-1 పరికరం నీటి జాడ పట్టిందని వెల్లడైంది. అంటే, మట్టి తవ్వే పోటీ ముగిసే వేళకే అసలు తవ్వవలసింది మంచునేమో అన్న ఆలోచన బలపడుతోంది.

ఆ పోటీలో వూస్టర్ పాలిటెక్నిక్ విద్యార్థి పాల్ వెంటిమిలియా బృందం అరగంటలో 439 కిలోలు తవ్వి 5 లక్షల డాలర్లు గెలిచింది. అపోలో యాత్రలన్నీ కలిపి భూమికి తెచ్చిన రాళ్ళూ మట్టీ 382 కిలోలేనని తెలిస్తే ఈ అంకె రుచి తెలుస్తుంది. అయితే ఇది భూమి మీది లెక్క. చంద్రుడి మీద యంత్రం బరువు ఆరో వంతే కనుక, తొట్టిని నేలలోకి దించబోతే నేల దిగడానికి బదులు యంత్రమే పైకి లేస్తుంది. రెండో బహుమతి 1,50,000 డాలర్లు టెర్రా ఇంజనీరింగ్ అనే చిన్న సంస్థకు దక్కింది. అది కాలిఫోర్నియాలోని గార్డెనా ఊరిది. మూడోసారి వచ్చి 270 కిలోలు తవ్వింది.

మంచును తవ్వే పోటీ 2020లో మొదలైంది. పేరు బ్రేక్ ది ఐస్. ఇందులో నాకు ఆసక్తిగా తోచింది డబ్బు ఇచ్చిన తీరు. పాత పోటీల్లో చివరిరోజు అరగంటలో గెలిస్తేనే డబ్బు. ఇక్కడ 2021లో కాగితం మీది నమూనాలకే మొదటి విడత బహుమతులు ఇచ్చారు. ఆ తర్వాత ఎవరి షెడ్డులో వాళ్ళు పదిహేను రోజులపాటు యంత్రం నడిపి చూపే దశ పెట్టి, దానికీ డబ్బు ఇచ్చారు. మేము ఇంటి అప్పు పునాదికి ఇంత, లింటెల్‌కు ఇంత, స్లాబుకు ఇంత అని విడుదల చేస్తామే, దాదాపు అదే పద్ధతి.

ఈ పద్ధతి కూడా కొత్తదేమీ కాదు. సముద్రంలో ఓడ ఎంత తూర్పున, ఎంత పడమర ఉందో కనిపెట్టే ఉపాయానికి 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌన్ల దాకా బహుమతి ప్రకటించింది. వడ్రంగి కొడుకైన జాన్ హారిసన్ దానికోసం గడియారాలు చేస్తూ జీవితమంతా గడిపాడు. నిర్వాహకులు నడుమ నడుమ ముందస్తు సొమ్ము ఇవ్వకపోతే ఆయన అంతకాలం నిలిచేవాడు కాదు. చివరి మొత్తం 1773లో, ఎనభయ్యేళ్ళ వయసులో, పార్లమెంటు కలగజేసుకుంటే గానీ చేతికి రాలేదు.

హొసూరు లేత్ షాపాయనకు నేను విడతల మాట ఎత్తలేదు. ముందు మోటారుకు కాస్త ఇచ్చి, అది తిరిగితే జల్లెడకు ఇద్దామని అనవచ్చు. ఆ వేళ తోచలేదు. తోచినా పై ఆఫీసు ఒప్పుకునేదా అన్నది వేరే సంగతి. ఏడాది తిరగకముందే నాకు బదిలీ అయింది.

2024 జూన్‌లో అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో బ్రేక్ ది ఐస్ చివరి పోటీ జరిగింది. ఆరు బృందాలు వచ్చాయి. గట్టి కాంక్రీటు దిమ్మను మంచుమట్టి అనుకుని తవ్వమన్నారు. యంత్రం బరువు చంద్రుడి మీద ఉన్నంతే ఉండేటట్టు పైనుంచి క్రేనుతో ఎత్తిపట్టారు. రెండో బహుమతి 5 లక్షల డాలర్లు స్టార్‌పాత్ రోబోటిక్స్ అనే సంస్థకు వెళ్ళింది. మొదటి బహుమతి 10 లక్షల డాలర్ల చెక్కు అందుకున్నది టాడ్ మెండెన్‌హాల్, ఆయన భార్య వాలెరీ. వాళ్ళ సంస్థ టెర్రా ఇంజనీరింగే. గార్డెనాదే. 2009లో 270 కిలోలు తవ్వి రెండో స్థానంలో నిలిచిందే.