దూరదృష్టిపై సుంకము

ఇంటికి నిప్పంటుకొనినచో నష్టము పూడ్చుకొనుటకై ముందుగనే కొంత సొమ్ము కట్టియుంచు గృహస్థుని వివేకి యందుము. ఆ వివేకముపైననే ప్రభుత్వము పన్ను గొనిన చరిత్ర యొకటి ఆంగ్లదేశమున గలదు. అది యెనుబదియేడేండ్ల చరిత్ర. మన యిండ్ల జమాఖర్చులలో భీమాసొమ్ము నేడొక పద్దుగా జేరినది గావున దానిని చదువరులకు నివేదింపదలచితిమి.

1666లో లండను నగరము దహింపబడిన పిదప అచ్చట అగ్నిభీమా కంపెనీలు పుట్టెను. 1710లో నెలకొనిన సన్ ఫైర్ ఆఫీసు వానిలో పేరొందినది. అమెరికా యుద్ధమువలన బొక్కసము వట్టిపోగా 1782లో లార్డ్ నార్తు మంత్రి చూపు ఈ వ్యాపారముపై బడెను. భీమాచేసిన ప్రతి నూఱు పౌనుల విలువకు ఏటేట ఒక షిల్లింగు ఆఱు పెన్సుల సుంకము విధింపబడెను. ఫ్రాన్సుతో యుద్ధములు సాగినకొలది అది పెరిగి 1815లో మూడు షిల్లింగు లాయెను. యుద్ధము ముగిసెను గాని సుంకము దిగలేదు.

దీని యన్యాయము కొలతలోనే యున్నది. కంపెనీకి గట్టు సొమ్మునుబట్టి గాక, ఆస్తి విలువనుబట్టి సుంకము గొనిరి. ఇటుకలతో గట్టిన సామాన్యగృహమునకు నూఱు పౌనులకు ఒకటిన్నర షిల్లింగు చాలునని కంపెనీ యనగా, ప్రభుత్వము మూడు షిల్లింగు లడిగెను. ఐదువందల పౌనుల యింటికి కంపెనీకి ఏడున్నర షిల్లింగులు, సర్కారుకు పదునైదు! చక్కెర శుద్ధిచేయు కార్ఖానాకు అపాయ మెక్కువ గనుక కంపెనీ పెద్దమొత్తమే యడిగెడిది. సుంకము మాత్రము అదే మూడు షిల్లింగులు. జాగ్రత్తగా ఇల్లు గట్టుకొనినవాడే తన భీమావ్యయములో హెచ్చుపాలు సర్కారున కిచ్చుకొనెను.

గృహస్థుడు సుంకపు కచ్చేరి గడప త్రొక్క నక్కఱలేదు. కంపెనీయే సుంకమును గూడ వసూలుచేసి, స్టాంపు కార్యాలయమునకు లెక్క దాఖలుచేసి, సొమ్ము చెల్లించెడిది. ఆ శ్రమకు కొంత కమీషను ముట్టెడిది. పార్లమెంటు ఈ లెక్కల నచ్చువేయించుటచే ఏ కంపెనీ వ్యాపార మెంతటిదో లోకమునకు దెలిసెను. నేటి చరిత్రకారులు ఆనాటి అగ్నిభీమా విస్తృతిని గొలుచుట విశేషముగా ఈ లెక్కలతోడనే. ప్రజలకు బరువైన కాగితము పండితులకు నిధి యైనది!

పన్నుకు వెఱచి కొందఱు భీమా మానిరి. కొందఱు ఆస్తి విలువను తగ్గించి వ్రాయించిరి. 1833లో రైతుల ధాన్యపశుసంపదకు మినహాయింపు లభింపగా ఆ భీమా మిక్కిలి పెరిగెను. పన్నే అడ్డుగోడయని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల? వింత యేమనగా, 1853లో గ్లాడ్‌స్టను జీవితభీమాకు గట్టు సొమ్ముపై ఆదాయపుపన్ను తగ్గించెను గాని అగ్నిభీమా సుంకమును విడువలేదు. ఏటికి పదునైదు లక్షల పౌనులకు మించి వచ్చు రాబడిని ఏ మంత్రి సులభముగా వదలుకొనును? షెరిడన్ అను పార్లమెంటు సభ్యుడు ఏండ్లతరబడి పట్టువిడువక వాదించెను. 1864లో వర్తకుల సరకులపైనను, 1865లో తక్కిన యాస్తిపైనను సుంకము సగమాయెను. 1869లో రాబర్ట్ లో ఆర్థికమంత్రిగా నుండగా పూర్తిగా రద్దయ్యెను.

అయినను కథ ముగియలేదు. 1994 అక్టోబరులో ఆంగ్లప్రభుత్వము భీమాలపై నూటికి రెండున్నర చొప్పున పన్ను మరల విధించెను. 2017నుండి అది పండ్రెండు. జీవితభీమాను మాత్రము విడిచిరి. ఆ 1994 జూలైలోనే మన దేశమున సాధారణభీమాపై నూటికి ఐదు చొప్పున సేవాపన్ను మొదలైనది. 2017లో జీఎస్టీ వచ్చి పదునెనిమిది చేసినది. 2025 సెప్టెంబరు 22నుండి వ్యక్తులు స్వయముగా దీసికొను జీవిత, ఆరోగ్య భీమాలకు పన్ను తొలగినది. ఇంటికి జేయించు అగ్నిభీమా ఆ మినహాయింపులో జేరలేదు.