బందరు: రేవు వెళ్లిపోయిన ముఖ్యపట్టణము

మన డెల్టా గ్రామములవారికి బందరనగానే కచేరీ పని జ్ఞప్తికి వచ్చును. కలెక్టరు కచేరి, జిల్లా కోర్టు అచ్చటనే యున్నవి. పెండ్లిబట్టలకును, యంత్ర పరికరములకును, పెద్ద వైద్యమునకును మాత్రము మనము బెజవాడ బస్సెక్కుదుము. అధికార మొకచోట, అంగడి మరియొకచోట నుండుట మనకు అలవాటైపోయినది గాని, ఇట్లు జరుగుటకు నాలుగువందల యేండ్ల చరిత్ర కలదు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో వ్రాయబడిన సముద్రవర్తక గ్రంథమొకటి ఈ తీరమును మసాలియా యని పేర్కొని, ఇచట సన్నబట్టలు విస్తారముగా నేయుదురని చెప్పుచున్నది. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము వారి ప్రధానమైన రేవు. డచ్చివారు 1605లో వచ్చిరి. 1611లో ఇంగ్లీషువారు గ్లోబు అను ఓడలో వచ్చి వర్తకశాల నెలకొల్పిరి. ఫ్రెంచివారు 1669లో చేరిరి. వీరందరును కోరి వచ్చినది మన అద్దకపు బట్టనే. నేతబట్టను కరక్కాయ రసమున ముంచి, ఇనుపతుక్కును బెల్లపునీటిలో నానవేసి తీసిన నలుపును, పటికతో నిలుపుకొన్న చిరివేరు ఎరుపును దానిపై తేల్చుట ఇచటి పనివారి విద్య. ఉతికిన కొలది ఎరుపు తేరునే గాని వెలియదు. ఆ బట్ట పారశీకమునకు, ఐరోపాకు పోయెను. తూర్పుదీవులలో డచ్చివారు దానినిచ్చి సుగంధద్రవ్యములు కొనిరి.

అయినను రేవునకు పుట్టుకతోనే యొక లోపము కలదు. కృష్ణవేణి తెచ్చు ఒండ్రు తీరమును మెరక చేయుచుండుటచే పెద్ద ఓడలు మైళ్ల దూరమున లంగరు వేయవలసివచ్చెను. సరకంతయు పడవలమీదనే ఒడ్డు చేరవలెను. గోలకొండ సుల్తాను 1632లో ప్రసాదించిన స్వర్ణఫర్మానా చేతనుండియు ఇంగ్లీషువారు 1641లో తమ ప్రధానస్థానమును చెన్నపట్టణమునకు మార్చుకొనిరి. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారినుండి కోటను పట్టుకొనెను. కోట దక్కెను గాని వర్తకము తిరిగి రాలేదు. తరువాత ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చి మగ్గములను ఆపినది. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మంది మడిసిరి. డచ్చి సమాధులు నేటికిని నిలిచి యున్నవి గాని, ఆ రాత్రి పోయినవారికి అట్టి గుర్తులు లేవు.

బందరును ఉప్పెన ముంచెనని మన పెద్దలు చెప్పుదురు. అది సగమే నిజము. 1855 నాటికి బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియై, కాలువలన్నియు అచ్చటనుండి బయలుదేరెను. 1893లో కృష్ణపై రైలువంతెన పడెను. నీటికిని రైలుకును బెజవాడయే తలగుమ్మమైనపుడు వర్తకులు సముద్రమువైపు చూచుట మానిరి. మన పొలములకు ప్రాణము పోసిన ఆనకట్టయే బందరు అంగడిని వట్టిపోజేసినదనుట కఠినముగా తోచవచ్చును. కాని జరిగినది అదియే.

ఇట్టి గతి పట్టిన పట్టణము మరియొకటి రష్యా ఉత్తరమున కలదు. దాని పేరు ఆర్ఖాంగెల్స్కు. 1553లో ఇంగ్లీషు నావికుడు చాన్సలరు ఆ తెల్లసముద్ర తీరమును చేరగా వర్తకము పెరిగి, 1584లో పట్టణము వెలసెను. 1703లో పీటరు చక్రవర్తి సెయింటు పీటర్సుబర్గును కట్టి వర్తకమును అటు మరలించెను. ఇచట ఒండ్రు చేసిన పనిని అచట మంచు చేసినది. చలికాలమున సముద్రము గడ్డకట్టును. అయినను చుట్టునున్న అడవులనుండి వచ్చు కలప, చేపలవేట ఆ పట్టణమును నిలిపినవి. నేటికిని అది ప్రాంతీయ ముఖ్యపట్టణమే.

బందరును నిలిపినవి చేతిపనియు చదువును. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకు, 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ ఇచ్చటనే పుట్టినవి. ఆ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్సున చేరి నేటికిని పనిచేయుచున్నది. బ్యాంకు మాత్రము 2020లో యూనియన్ బ్యాంకున కలిసిపోయి, పేరు గూడ మాసిపోయెను. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు, పెడన కలంకారి అచ్చులు, గిలకలదిండి చేపలరేవు వేలకుటుంబములకు అన్నము పెట్టుచున్నవి. బందరు లడ్డు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

2022లో బెజవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు ముఖ్యపట్టణమయ్యెను, బందరునకు మిగిలినది డెల్టాయు సముద్రమును. అందుచేతనే మంగినపూడి యొద్ద క్రొత్తరేవు మన గ్రామములకు ముఖ్యవిషయము. 2008లో ఒకటి, 2019లో ఒకటి శంకుస్థాపనలు జరిగి, 2023 మే నెలలో మూడవది జరిగిన పిదప పనులు సాగినవి. శిలాఫలకములకైతే లోటు లేదు! అలల నాపు రాతికట్టలు లేచినను ఒండ్రు ఆగదు. ఓడలదారిని ఎల్లప్పుడును త్రవ్వుచుండవలెను. ఆ ఖర్చునకు తగిన సరకు మన బియ్యము, రొయ్యలనుండియే రావలెనన్నచో, మిల్లులను, శీతలగిడ్డంగులను, రేవుదాక పోవు రైలుమార్గమును గూర్చి ఇప్పుడే అడుగవలెను. తీరమున భూములు విడిచినవారి పిల్లలకు అచ్చట ఏ పని నేర్పుదురో గూడ అడుగవలెను.