గాలి కొట్టే యంత్రాలు - తొట్టిలోకి దిగే మనుషులు

మురుగునీటి శుద్ధి చరిత్ర ఇప్పటిదాకా ఇంజనీర్లు రాసుకున్న చరిత్రే. అందులో బాక్టీరియా ఉంటుంది, ఆక్సిజన్ ఉంటుంది, హార్స్‌పవర్ ఉంటుంది. యంత్రం చెడిపోయిన రోజున తొట్టిలోకి ఎవడు దిగాడన్నది మాత్రం ఉండదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి చూస్తే ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే. ఇక్కడి పట్నాల మలినం ఎక్కువగా రెల్లివాళ్ల నెత్తి మీదే నడిచింది.

1909లో థర్‌స్టన్ అచ్చువేసిన కులాల సంపుటాలు చూడండి. గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో తోటపని, కూలిపని చేసుకునే కులమని రెల్లి గురించి రాశారు. (ఇవాళ్టి శ్రీకాకుళం పట్నం 1936 దాకా గంజాం జిల్లాలోదే.) పళ్లబుట్టలు పట్టుకుని కూర్చునే రెల్లి ఆడవాళ్లు ఉత్తరాంధ్ర బజార్లలో అందరికీ తెలిసినవాళ్లే. మరి తోటలు చూసుకునే చేతుల్లోకి పాకీ తట్ట ఎలా వచ్చింది? శ్రీకాకుళం పురపాలక సంఘం 1856 నాటిది, విజయనగరానిది 1888 నాటిది. పట్నానికి మునిసిపాలిటీ వచ్చింది, మునిసిపాలిటీకి కన్సర్వెన్సీ వచ్చింది, కన్సర్వెన్సీకి మనుషులు కావాల్సి వచ్చారు. ‘కులవృత్తి’ అని మనకు చెప్పేది చాలామటుకు మునిసిపల్ ఉద్యోగమేనని నా వాదన. అనాదిగా వచ్చిందని చెప్పుకుంటే సర్కారు మీద బాధ్యత ఉండదు కదా!

సరే, ఆక్సిజన్ సంగతి. మన జిల్లాల పల్లెల్లో ఇది పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు. గోగు కోసి కట్టలు కట్టి చెరువులో ఊరబెడితే నాలుగు రోజుల్లో నీళ్లు నల్లబడతాయి, కంపు కొడతాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కుళ్లే నార నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. ఆ నల్ల నీళ్లలో నడుముల దాకా నిలబడి నార ఒలిచేది కూలోళ్లే. 20 డిగ్రీల మంచినీటిలో కూడా లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజనే పడుతుంది. మన ఎండలకు 30 డిగ్రీలయితే ఏడున్నరకు మించదు. పట్నం మురుగులో అది చూస్తుండగానే అయిపోతుంది. అందుకే గాలి కొట్టాలి.

గాలి కొట్టడమే శుద్ధి పద్ధతిగా మారింది మాంచెస్టర్‌లో. డేవీహ్యూమ్ శుద్ధి కేంద్రంలో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు గాజు సీసాల్లో మురుగు పోసి గాలి ఊదారు. మొదట శుద్ధి కావడానికి ఐదు వారాలు పట్టింది. అడుగున పేరుకున్న బురదను పారబోయకుండా ఉంచి, దాని మీదే కొత్త మురుగు పోస్తూ పోతే చివరికి 24 గంటల్లో అయింది. 1914 ఏప్రిల్ 3న ఈ సంగతి సభలో చదివారు. వాళ్లకు దారి చూపిన గిల్బర్ట్ ఫౌలర్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రొఫెసరుగా వచ్చాడు. అంటే ఈ విద్య మన దేశానికి వచ్చి నూరేళ్లు దాటింది. కానీ పాకీ దొడ్లను నిషేధించే చట్టం 1993 దాకా రాలేదు, అది అమల్లోకి వచ్చింది 1997లో. విద్యకూ చట్టానికీ మధ్య ఎనభై ఏళ్లు తట్ట నెత్తి మీదే ఉంది.

యంత్రాల సంగతికి వద్దాం. మొదట్లో తొట్టి అడుగున చిన్న చిన్న రంధ్రాల పలకలు పరిచి కింద నుంచి గాలి పంపారు. అవి బురదతో పూడుకుపోయేవి. పూడితే తొట్టి ఖాళీ చెయ్యాలి, మనిషి దిగాలి. ఈ బాధ పడలేకే షెఫీల్డ్‌లో నీటిని పైనుంచే తెడ్లతో కలిపే పద్ధతి పెట్టారు. 1950లలో డచ్చి దేశంలో పాస్వీర్ చిన్న ఊళ్లకు పనికొచ్చేలా గుండ్రంగా తిరిగే కాలువ తవ్వి, దాని మీద తిరిగే బ్రష్షు పెట్టాడు. మోటారు పైనే, మనిషీ పైనే. తర్వాత కరెంటు ఖర్చు లెక్కలు వచ్చాయి. శుద్ధి కేంద్రం కరెంటులో దాదాపు సగం గాలికే పోతుంది, సన్న బుడగలైతే ఆదా. దాంతో రబ్బరు పొర డిఫ్యూజర్లు మళ్లీ అడుగుకు చేరాయి. అవీ పూడతాయి, చిరుగుతాయి, ఐదారేళ్లకో పదేళ్లకో మార్చాలి. కరెంటు లెక్క వేసినోళ్లు దిగే మనిషిని ఏ పద్దులో రాశారు?

గాలి ఆపిన కాసేపటికే బురద కుళ్లడం మొదలవుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే వాయువు ఎక్కువైతే ముక్కుకు ఆ వాసనే తెలియదు. గాలి ఆపకుండా దిగుదామంటే, బుడగలతో నిండిన నీళ్లలో ఈతగాడు కూడా తేలడం కష్టం.

ఇప్పుడు మన సముద్రతీరానికి రండి. రొయ్యల చెరువుల మీద తెల్లగా నురగ చిమ్ముతూ తిరిగే తెడ్ల చక్రాలు అందరూ చూసినవే. రెండు తేలే బోట్లు, మధ్యలో ఒకటో రెండో హార్స్‌పవర్ మోటారు, ఇరువైపులా చక్రాలు. ఇద్దరు మోసుకెళ్లి నీళ్లలో వదిలి తాడు కడతారు. చెడిపోతే తాడు లాగితే గట్టుకొస్తుంది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక ఇవి ఊరూరా పెరిగాయి. రొయ్య చస్తే లక్షలు పోతాయి, అందుకని దాని యంత్రం అంత సుళువుగా తయారైంది. మనిషి మలం శుద్ధి చేసే తొట్టికి ఆ సుళువు అక్కర్లేదనుకున్నారు. ఇది సైన్సుకు రాని పనేమీ కాదు, ఎవరి నష్టం లెక్కలోకొస్తుందన్నదే ఇక్కడి తేడా.

చట్టం కూడా ఇక్కడే ఖాళీ వదిలింది. 2013 చట్టం సీవరునూ సెప్టిక్ ట్యాంకునూ పేరు పెట్టి చెప్పింది. గాలి తొట్టి పేరు అందులో లేదు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 నుంచి సీవర్లలో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలిమ్మంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. సఫాయి కర్మచారి ఆందోళన్ వంటి సంఘాల పోరాటం లేకపోతే ఇంతైనా రాదు. పైడిభీమవరం వంటి చోట్ల మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల తొట్లది ఇంకో దారి. అందులో మనిషి మలం కాదు, రసాయనం కాబట్టి పాకీ చట్టం అటు చూడదు. విషవాయువులున్న తొట్టిలోకి రక్షణ లేకుండా దింపకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్లో రాశారు. కాంట్రాక్టు కూలీకి ఆ సెక్షను చదివి వినిపించిన మేస్త్రీ ఎవడు?

సుళువుగా బిగించే డిఫ్యూజర్లు ఇప్పుడు ఉన్నాయి. రహస్యమేమీ లేదు. అడుగంతా ఒకే గొట్టాల వల వెయ్యకుండా ముక్కలుగా చేస్తారు. ప్రతి ముక్కకూ విడిగా గాలి గొట్టం, దాని వాల్వు, జాయింటు నీటిమట్టం పైన ఉంటాయి. ముక్కను నేలకు బోల్టు వెయ్యరు, కాంక్రీటు దిమ్మ బరువుతో కూర్చోబెడతారు, లేదా పక్క పట్టాల మీద జారేలా పెడతారు. చెడితే ఆ ఒక్క వాల్వు కట్టేసి, నడకదారి మీద నిలబడి గొలుసుతో పైకి లాగొచ్చు. మిగతా తొట్టి నడుస్తూనే ఉంటుంది, నీళ్లు తియ్యక్కర్లేదు. మొదట్లో ఖర్చు కొంత ఎక్కువ. తక్కువ కోట్ చేసినవాడికే పని ఇచ్చే టెండరులో మొదట ఎగిరిపోయేది ఆ గొలుసూ ఆ చిన్న క్రేనే.

మన విద్యార్థుల్లో సివిల్, మెకానికల్ చదివేవాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. మునిసిపాలిటీలో కొత్త శుద్ధి కేంద్రానికి టెండరు పడితే సమాచార హక్కు కింద డ్రాయింగు తీసుకోండి. తొట్టి అడ్డుకోత బొమ్మ చూడండి. గొట్టాలు నేలకు బోల్టు వేసి ఉండి, పైన ఎత్తే ఏర్పాటు గీసి లేకపోతే, అక్కడ ఒక మనిషి దిగుతాడని ఇంజనీరుకు ముందే తెలుసు. ఆ బొమ్మ మీద ఆయన సంతకం కూడా ఉంటుంది.