గత్తం చెత్త అయిన కథ

కాశీబుగ్గ బజారులో చెత్త గురించి మాట్లాడే ప్రతివారూ 'జనానికి బుద్ధి లేదు' దగ్గర మొదలుపెట్టి 'జరిమానా వెయ్యాలి' దగ్గర ఆగుతారు. నాకు ఈ రెండిటి మీదా పెద్ద నమ్మకం లేదు. ముందు జరిమానా సంగతి చూద్దాం. బహిరంగ స్థలంలో నలుగురికీ ఇబ్బంది కలిగించినవాడికి 1860 నాటి భారత శిక్షాస్మృతి 290వ సెక్షన్ కింద 200 రూపాయల దాకా జరిమానా. ఆ రోజుల్లో అది కూలివాడికి కొన్ని ఏళ్ల సంపాదన. ఆ అంకె మారకుండా 2024 జూన్ 30 దాకా నడిచింది. ఆ మర్నాడు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక 1000 అయింది. అంటే మొన్నమొన్నటి దాకా ఆ జరిమానాతో కాశీబుగ్గలో పావుకిలో మంచి జీడిపప్పు వచ్చేదో లేదో! అంత చట్టం ఉండి ఇన్నేళ్లలో అది ఏ బజారునూ శుభ్రం చేసినట్టు కనబడదు.

ఇక బుద్ధి. మా తాతల కాలంలో జనం వాకిలి ఊడ్చి తుక్కు వీధి మలుపులో పొయ్యలేదా? పోసేవారు. సంతరోజు సాయంత్రం ఆకులూ, అరటి బోదెలూ, గడ్డీ, పేడా అక్కడే వదిలి పోలేదా? పోయేవారు. బుద్ధి అదే. మారింది కుప్ప.

మా వైపు పారేసేవాటికి పాత మాటలు రెండున్నాయి. ఊడిస్తే వచ్చేది తుక్కు. ఆ తుక్కే పెంటగోతిలో పడి పేడతో, పొయ్యి బూడిదతో ఏడాది మగ్గితే గత్తం (గెత్తం అని కూడా అంటారు). గత్తానికి ధర ఉంటుంది. బండికి ఇంత అని బేరమాడి తోలుకుపోతారు. చెత్త అన్న మాట కొత్తదేం కాదు గానీ, దానికి ఇంత పెత్తనం వచ్చింది మాత్రం మునిసిపాలిటీ బండి మైకులు వచ్చాకే. మా సాఫ్ట్‌వేర్ పనిలో గార్బేజ్ కలెక్షన్ అని ఒకటుంది. కంప్యూటర్ జ్ఞాపకంలో ఒక వస్తువు చెత్త అయిందని ఎలా తెలుస్తుంది? అది పాడైందా, పాతదైందా అని ఎవరూ చూడరు. దాన్ని అడిగేవాళ్లు ఇంకెవరైనా మిగిలారా అనే చూస్తారు. ఎవరూ లేకపోతే చెత్త. బజారు కుప్పకి కూడా ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1936 దాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. ఆ పాత గంజాం జిల్లాలో మునిసిపాలిటీలు మూడే: బరంపురం, పర్లాకిమిడి, చికాకోలు. టెక్కలి జమీందారీ ఊరు. పలాసకి 1890లలో కలకత్తా-మద్రాసు రైలుమార్గం వచ్చింది, దాని చుట్టూ బజారు పెరిగింది. కానీ వీధి ఊడ్చే చట్టం ఈ రెండు ఊళ్లకీ పట్టలేదు. అది మునిసిపాలిటీ అన్న పేరున్న ఊళ్ల సొత్తు.

ఆ ఊళ్లలో మాత్రం ఏం జరిగింది? మద్రాసు రాజధానిలో తెల్లదొరలకి శుభ్రత మీద శ్రద్ధ కలగడానికి పెద్ద కారణం కలరా. మా తీరం వెంబడి పోయేది పూరీ జగన్నాథుడి యాత్రికుల బాట, ఆ బాట వెంట కలరా నడుస్తుందని వాళ్ల రిపోర్టులన్నీ మొత్తుకున్నాయి. భయంతో మొదలైన పనిలో వాళ్లు ఒక లెక్క కూడా చూసుకున్నారు. వీధుల్లోంచి ఎత్తిన తుక్కూ మలమూ మునిసిపాలిటీ ఆస్తి, అమ్ముకోవచ్చు. రైతులు కొనేవారు. 1931లో ఆల్బర్ట్ హోవార్డ్ ఇండోర్ పద్ధతి గురించి పుస్తకం రాస్తే, 1939లో సి.ఎన్. ఆచార్య బెంగుళూరులో పట్నాల చెత్తను గోతుల్లో పొరలు పొరలుగా వేసి మగ్గబెట్టే పద్ధతి తయారుచేశాడు. అప్పటి సమస్య చెత్త ఎక్కడ పారబొయ్యాలి అన్నది కాదు, పొలానికి చాలినంత ఎరువు ఎక్కడ దొరుకుతుంది అన్నది. వినడానికి వేళాకోళంలా ఉంటుంది గానీ, ఒకప్పుడు ఈ దేశంలో చెత్త కొరత ఉండేది.

ఇదంతా చదివి 'ఆ రోజులే బంగారు రోజులు' అనుకునేవాళ్లుంటారు. ఆ ముచ్చట ఎక్కువసేపు నిలవదు. కుప్ప దానంతటది పొలానికి నడిచి వెళ్లలేదు. ఎవరో ఎత్తారు. ఉత్తరాంధ్ర పట్నాల్లో ఆ 'ఎవరో' చాలామట్టుకు రెల్లివారు. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. 1901 మద్రాసు జనాభా లెక్కల్లో రెల్లివారిని గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉండే తోటపనివారు, కూలీలు అని రాశారు. పళ్లూ కాయగూరలూ పండించి అమ్ముకునే కులం. ఇవాళ విశాఖలోనో విజయనగరంలోనో 'రెల్లి' అంటే వినేవాడికి చీపురే గుర్తొస్తుంది. ఆ రెండిటి మధ్యా గడిచింది ఒక్క శతాబ్దం. ఈ మధ్యలో మునిసిపాలిటీలు పెరిగాయి, వాటికి చేతులు కావాల్సి వచ్చాయి. తోటలోంచి మనిషిని లాగి వీధిలో నిలబెట్టి, ఆ పని అతని పుట్టుకలోనే ఉందని లోకం నమ్మేసింది. 'కులవృత్తి' అన్న మాట ఎంత తొందరగా తయారవుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. కాబట్టి పాత ఏర్పాటు నడిచింది అంటే, కొనేవాడు ఉండటం వల్లా, ఎత్తేవాడికి 'కాదు' అనే వీలు లేకపోవడం వల్లా నడిచింది. మనం మొదటిది పోగొట్టుకున్నాం. రెండోది ఇంకా పూర్తిగా పోగొట్టుకోలేదు.

ఇప్పుడు పలాస దగ్గరకు వద్దాం. ఈ ఊరి వ్యాపారాన్ని దగ్గరగా చూస్తే ఇది వృథా అన్నదే ఎరగని ఊరనిపిస్తుంది. జీడిపిక్క వస్తుంది. పప్పు ఒలిచాక మిగిలిన తొక్కలోంచి నూనె తీస్తారు, రంగుల కంపెనీలకు పనికొస్తుంది. మిగతాది బాయిలర్లో మండుతుంది. (ఆ నూనే ఆడకూలీల వేళ్లు కాలుస్తుంది. అది ఇంకో వ్యాసం.) ముక్కలైన పప్పుకి వేరే ధర, పొడికి వేరే ధర. ఉద్దానంలో కొబ్బరీ అంతే. పీచు తాడవుతుంది, చిప్ప పొయ్యిలోకి, మట్ట దడికి, ఈనె చీపురికి. ఏ ముక్కకైనా అడిగేవాడున్నాడు.

అలాంటి ఊళ్లో బజారు ఎలా మురికిపట్టింది? నా ఉద్దేశంలో జవాబు జీడిపప్పులో లేదు, దాన్ని పెట్టే డబ్బాలో ఉంది. ఒకప్పుడు పప్పు ఎగుమతి తగరపు డబ్బాల్లో జరిగేది. కిరసనాయిలు డబ్బా సైజు, పద్దెనిమిది లీటర్లది, అందులో పాతిక పౌన్ల పప్పు. ఖాళీ అయిన అలాంటి డబ్బా ఎన్ని జన్మలెత్తిందో మన ఇళ్లలో అందరికీ తెలుసు: నీళ్లు మొయ్యడానికి, బియ్యం పొయ్యడానికి, తులసి మొక్క వెయ్యడానికి, చివరికి రేకు విప్పి కప్పుకి చిల్లు మూయడానికి. తర్వాత గాలి తీసి బిగించే ప్లాస్టిక్ సంచీ వచ్చింది. సరుకుకి అది మేలే, పప్పు పురుగు పట్టదు. కానీ కత్తెర వేసిన క్షణంలోనే దానికి ఆఖరు. దానికి రెండో జన్మ లేదు. కిరాణా కొట్టులో కాగితం పొట్లం పోయి కవరు రావడం, టిఫిన్ సెంటర్లో అడ్డాకు పోయి ప్లాస్టిక్ పూసిన ప్లేటు రావడం, టీ గ్లాసు పోయి కప్పు రావడం, అన్నీ ఇదే కథ. రైతు ఇప్పటికీ తుక్కు తీసుకెళ్లడానికి సిద్ధమే, కానీ కవర్లు కలిసిన తుక్కుని ఏ రైతు పొలంలో పోస్తాడు? నాలుగు కవర్లు పడగానే బండెడు గత్తం చెత్త అయిపోయింది.

ఉద్దానంలో దీనికి ఇంకో మెలిక ఉంది. కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు గానీ, అనుమానం అందరికంటే ముందు నీళ్ల మీదకే పోయింది. బావి నీళ్లంటే భయం పుట్టాక డబ్బా నీళ్లు, సీసా నీళ్లు, ప్యాకెట్ నీళ్లు వచ్చాయి. పెళ్లిలో ప్యాకెట్, సంతలో ప్యాకెట్. ప్రాణభయంతో నీళ్ల ప్యాకెట్ కొన్నవాడికి ప్యాకెట్ ఎక్కడ పారెయ్యాలో పాఠం చెప్పడానికి నాకైతే నోరు రాదు.

ఇక చట్టం. 1996లో అల్మిత్రా పటేల్ దేశంలోని పట్నాల చెత్త మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు. దాని ఫలితంగా 2000లో ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. ఇంటింటికీ వెళ్లి సేకరించాలి, తడి పొడి వేరుచెయ్యాలి, 2003 ఆఖరుకల్లా శాస్త్రీయమైన డంపింగ్ యార్డులు సిద్ధం కావాలి. ఆ నియమాలు మునిసిపాలిటీలకే. పలాస, కాశీబుగ్గ కలిసి మునిసిపాలిటీ అయింది ఈ శతాబ్దం మొదట్లో. అంటే వీధి ఊడ్చే అలవాటు ఇంకా సరిగా కుదరకముందే పెద్ద పట్నాల బాధ్యతలన్నీ దాని నెత్తిన పడ్డాయి. టెక్కలి కథ ఇంకా చిత్రం. రెవెన్యూ డివిజన్ కేంద్రం, కోర్టులు, కాలేజీలు, బస్సులు, పెద్ద బజారు, కానీ పరిపాలనకి పంచాయతీ. 2011 జనగణన దాన్ని పట్నంగా లెక్కేసింది, చట్టం లెక్కెయ్యలేదు. జనగణన పట్నాలను కూడా నియమాల కిందకి తెచ్చింది 2016లో. పదహారేళ్లపాటు టెక్కలి బజారు చెత్త కాగితం మీద పల్లెటూరి చెత్త.

ఈలోగా వేరేచోట్ల ఏం చేశారు? 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చింది. ఆ మర్నాటి ఏడు అక్కడ మునిసిపల్ కమిషనర్‌గా చేరిన ఎస్.ఆర్. రావు మన తెలుగాయనే. ఆఫీసర్లని పొద్దున్నే వీధుల్లోకి తోలాడు. బజారు వీధుల్ని కొట్లు మూశాక రాత్రిపూట ఊడిపించాడు. జరిమానాలూ బాగానే వేశాడు. దేశమంతా మెచ్చుకుంది. కానీ నాకు మనసుకి దగ్గరగా ఉన్నది సూర్యాపేట. 2003లో అక్కడ కమిషనర్‌గా ఉన్న ఎస్.ఎ. ఖాదర్ ఊళ్లో చెత్తకుండీలే తీయించేశాడు. కుండీ ఉంటే దాని చుట్టూ కుప్ప పడుతుంది, కుండీ లేకపోతే గుమ్మం దగ్గరే అందుకోవాలి. తడి ఒకపక్క, పొడి ఒకపక్క. తడిని ఎరువు చేసి, పొడిని పాతసామాన్ల వాళ్లకు అమ్మాడు. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు చూడండి. తుక్కుకి పోయిన బేరగాణ్ణి తిరిగి వెతికి తెచ్చాడు, అంతే. సూరత్‌ని మెచ్చుకోవడం మనకి తేలిక, గట్టి అధికారి కథలంటే ఇష్టం కాబట్టి. సూర్యాపేటలో జరిగింది పద్దుల పుస్తకం లాంటి పని, అందుకే దానిమీద సినిమా తియ్యరు.

మన రాష్ట్రంలో 2021 అక్టోబరులో 'క్లాప్' పేరుతో ఇంటింటికీ బళ్లు వచ్చాయి, వాటితోపాటు నెలనెలా రుసుము. జనం దానికి పెట్టిన పేరు చెత్త పన్ను. కొట్లకి వేరే రేటు. మూడేళ్లు తిట్లు తిని, ప్రభుత్వం మారాక 2024లో రద్దయింది. పన్ను పోయినందుకు నేను బాధపడను. దాని అమ్మకంలో పొరపాటు జరిగిందనుకుంటాను: రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే రసీదులో కలిపేశారు. ఎత్తే మనిషికి ఇవ్వాల్సిన జీతం ఊరందరిదీ. ఎవరూ కొనని వస్తువుని బజారులోకి దించినందుకు కట్టాల్సిన సొమ్ము దాన్ని దించినవాడిది. ప్యాకెట్ తయారుచేసిన కంపెనీ దగ్గర వసూలు చెయ్యాల్సింది, ప్యాకెట్ తాగిన ఆడమనిషి దగ్గర వసూలు చేశారు. 2016 నాటి ప్లాస్టిక్ నియమాల్లో తయారీదారు బాధ్యత అని రాసి ఉంది. 2022 జులై నుంచి కొన్నిరకాల ఒకసారి వాడే ప్లాస్టిక్ మీద నిషేధమూ ఉంది. నిషేధం అమలు చెయ్యడానికి వచ్చినవాళ్లు ఎక్కువగా ఆగేది కూరగాయల బుట్ట దగ్గరే.

బజారుల్లో ఇప్పటికీ తెల్లవారకముందే తిరిగే మనిషొకరుంటారు. గోనెసంచీ భుజాన వేసుకుని కొట్ల ముందు అట్టపెట్టెలూ, సీసాలూ, ఇనప ముక్కలూ ఏరుకుంటారు. మునిసిపాలిటీ మనిషి కాదు, జీతం లేదు, చేతికి తొడుగు లేదు. ఆ చేతులు ముట్టిన కుప్పలో మిగిలేదేంటో ఒకసారి చూడండి. పలచటి కవర్లు, వెండిపూత ప్యాకెట్లు, మరకల కప్పులు. ఆ మనిషి వదిలేసిన వాటి జాబితాయే మన చెత్త సమస్య. పలాసలో మిగతా ప్రతి తొక్కకీ ధర కట్టిన వ్యాపారులు ఈ జాబితాకి కూడా ధర కట్టగలరు, కట్టమని గట్టిగా అడిగేవాళ్లుంటే. ప్రస్తుతానికి అది ట్రాక్టరెక్కి, మునిసిపాలిటీ హద్దు దాటి, ఏదో ఒక పంచాయతీ గెడ్డ గట్టున దిగుతోంది.