కరెంటు పెట్టించుకున్నారా?

మన ఊళ్లల్లో రేడియేషన్ థెరపీని ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. "కరెంటు పెట్టారు" అంటారు. పదిహేనేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్న ఒకావిడను "రేడియేషన్ తీసుకున్నారా?" అని అడిగితే లేదనొచ్చు. "కరెంటు పెట్టించుకున్నారా?" అంటే ఏ ఆస్పత్రిలో, ఎన్ని రోజులు, ఏ బస్సెక్కి వెళ్లేవారో కూడా చెప్పొచ్చు. రేడియేషన్ వల్ల వచ్చే గుండెజబ్బును పట్టుకోడానికి ఈసీజీ, ఎకో, సీటీ, ఎమ్మారై అన్నీ పనికొస్తాయి. కానీ వాటికంటే ముందు ఈ ప్రశ్న పడాలి. ఈ ప్రశ్న వైద్యశాస్త్రానికి గట్టిగా తట్టడానికే డెబ్బై ఏళ్లు పట్టింది.

రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనిపెట్టింది 1895లో. కొద్ది నెలల్లోనే వాటిని క్యాన్సర్ గడ్డల మీద ప్రయోగించడం మొదలైంది. చర్మం కాలడం, జుట్టు రాలడం వెంటనే కనిపించాయి. గుండె గురించి మాత్రం ఎవరూ పెద్దగా బెంగపడలేదు. వేగంగా విభజన చెందే కణాలే రేడియేషన్‌కి ముందు దెబ్బతింటాయి, గుండె కండరంలో కణాలు దాదాపు విభజన చెందవు, కాబట్టి గుండెకు ఏమీ కాదు అనుకున్నారు. తర్కం బాగానే ఉంది. అడపాదడపా అనుమానాలు వచ్చినా నిలవలేదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. గుండె పాడయ్యేదాకా బతికిన రోగులే తక్కువ.

ఆ పరిస్థితి మారింది స్టాన్‌ఫోర్డ్‌లో. 1956లో హెన్రీ కప్లాన్ అక్కడ లీనియర్ యాక్సిలరేటర్‌తో ఒక పసివాడి కంటి క్యాన్సర్‌కి చికిత్స చేశాడు. తర్వాత అదే యంత్రంతో హాడ్జ్‌కిన్స్ వ్యాధి మీద పడ్డాడు. అది ఎక్కువగా యువతకు వచ్చే లింఫు గ్రంథుల క్యాన్సర్. మెడ, చంకలు, ఛాతీ మధ్యభాగం అన్నిటికీ కలిపి ఒకేసారి, దుప్పటి కప్పినట్టు, కిరణాలు ఇచ్చేవాళ్లు. ఆ దుప్పటి కిందే గుండె కూడా ఉంది. అంతకుముందు చనిపోయేవాళ్లు ఇప్పుడు బతికారు, ఉద్యోగాల్లో చేరారు. వాళ్లలో కొందరు గుండె చుట్టూ నీరు పట్టి ఆస్పత్రికి తిరిగొచ్చారు.

1967లో కోన్, స్టూవర్ట్, ఫహార్డో, హాన్‌కాక్ అనే నలుగురు స్టాన్‌ఫోర్డ్ వైద్యులు అలాంటి రోగుల కథలను ఒకచోట చేర్చి ప్రచురించారు. రేడియేషన్ గుండెజబ్బుకి ఒక పేరు, ఒక రూపం వచ్చింది అప్పుడే అనుకోవచ్చు. ఆ తర్వాత ఫహార్డో, స్టూవర్ట్ కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి, పాత తర్కంలో లొసుగు ఎక్కడుందో చూపించారు. ముందు దెబ్బతినేది కండరం కాదు, కండరానికి రక్తం అందించే సన్నటి రక్తనాళాల లోపలి పొర. అది మూసుకుపోతూ వస్తే, రక్తం అందని కండరంలో మెల్లగా పీచులాంటి కణజాలం పేరుకుంటుంది. ఏళ్లు పట్టేది అందుకే. అంటే చికిత్స బాగా పనిచేసి, మనుషులు ఎక్కువకాలం బతికితేనే బయటపడే జబ్బు ఇది.

హాడ్జ్‌కిన్స్ అరుదు. రొమ్ము క్యాన్సర్ అలా కాదు. ఎడమవైపు రొమ్ముకి రేడియేషన్ ఇచ్చేటప్పుడు కిరణాలు గుండె ముందుభాగాన్ని రాసుకుంటూ పోతాయి. ఎంత తగిలితే ఎంత ముప్పు అన్న లెక్క తేలింది 2013లో. సారా డార్బీ బృందం 1958 నుంచి 2001 మధ్య స్వీడన్, డెన్మార్క్‌లలో రేడియేషన్ తీసుకున్న 2,168 మంది స్త్రీల పాత రికార్డులు తవ్వింది. వాళ్లలో 963 మందికి తర్వాత గుండెపోటు లాంటి పెద్ద సమస్యలొచ్చాయి. గుండెకు తగిలిన సగటు మోతాదు ఒక గ్రే పెరిగితే ముప్పు 7.4 శాతం పెరుగుతోంది. మొదటి ఐదేళ్లలోనే మొదలై కనీసం ఇరవై ఏళ్ల దాకా ఉంటోంది. ఇంతలోపైతే ఫర్వాలేదు అనే గీత ఎక్కడా దొరకలేదు.

ఈ అంకెల్ని చూసి భయపడక్కర్లేదు. ఇతరత్రా ఏ ముప్పూ లేని యాభై ఏళ్ల స్త్రీ గుండెకు సగటున 3 గ్రేలు తగిలితే, ఎనభై ఏళ్లలోపు గుండెజబ్బుతో చనిపోయే అవకాశం 1.9 నుంచి 2.4 శాతానికి పెరుగుతుందని ఆ పరిశోధనే చెప్పింది. క్యాన్సర్‌ని వదిలేస్తే జరిగేదాని ముందు ఇది చాలా చిన్నది. నాకు ఇక్కడ ఇంకో సంగతి ముఖ్యమనిపించింది. 1958లో ఒక స్వీడన్ స్త్రీకి ఎన్ని కిరణాలు ఏ కోణంలో ఇచ్చారో అర్ధశతాబ్దం తర్వాత చెప్పగలిగే కాగితం అక్కడ ఉంది.

మరి మన దగ్గర? ఇక్కడ డాక్టరు ముందున్న చిక్కు వేరు. రేడియేషన్ గుండెజబ్బు చేసే ప్రతి పనికీ మన దేశంలో ముందే తెలిసిన దొంగ ఒకడున్నాడు. గుండె చుట్టూ ఉన్న పెరికార్డియం పొర మందమై బిగుసుకుందంటే, మనకు మొదట గుర్తొచ్చేది టీబీ. వాల్వులు చెడిపోయాయంటే చిన్నప్పటి రుమాటిక్ జ్వరం. రక్తనాళాలు పూడుకున్నాయంటే షుగరు, బీపీ, పొగాకు. ఈ ఊహలు చాలాసార్లు నిజమే అవుతాయి. అందుకే అసలు దొంగ తప్పించుకుంటాడు.

అయినా జాడలు ఉంటాయి. పూడిక రక్తనాళాలు మొదలయ్యే చోటే, ముఖ్యంగా ఎడమవైపు పెద్ద నాళంలోనూ ముందువైపుకి దిగే నాళంలోనూ కనిపించడం ఒకటి. అయోర్టిక్ వాల్వు, మైట్రల్ వాల్వు కలిసేచోట కాల్షియం పేరుకోవడం ఇంకొకటి. పొర, కండరం, వాల్వు, నాళం, లోపలి విద్యుత్ మార్గం, వీటిలో రెండు మూడు ఒకే మనిషిలో కలిసి చెడటం అన్నిటికంటే గట్టి సూచన. కొందరికి ఛాతీనొప్పి కూడా సరిగా తెలియదు, వట్టి ఆయాసమే. పొర బిగుసుకుంటే ఆపరేషన్‌తో తీసేయొచ్చు, కండరమే బిగుసుకుంటే ఆపరేషన్‌తో లాభం లేదు. రేడియేషన్ రెండిటినీ కలిపి చేయగలదు. అందుకే ఊపిరి పీల్చి వదిలేటప్పుడు గుండెలోకి రక్తం వచ్చే తీరు ఎలా మారుతోందో ఎకోలో ఓపిగ్గా చూడాలి. పాత చికిత్స సంగతి తెలియని డాక్టరుకి అంత వెతకాలన్న ఆలోచన ఎందుకొస్తుంది?

ఈ కథలో మేడ్చల్ ఇక్కడే వస్తుంది. పి. సుధాకర్ రెడ్డి అనే తెలుగు కార్డియాలజిస్టు అమెరికాలో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో పనిచేస్తూ పెరికార్డియం గురించే పరిశోధించాడు. పొరలో నీరు నిండి గుండె నొక్కుకుపోయినప్పుడు, ఆ నీరు తీస్తూ పొరలోనూ గుండె గదుల్లోనూ ఒత్తిళ్లు కొలిచి, 1978లో సహచరులతో కలిసి 'సర్క్యులేషన్' పత్రికలో వ్యాసం రాశాడు. 1982లో పెరికార్డియం జబ్బుల మీద వచ్చిన పుస్తకానికి సంపాదకుల్లో ఒకడు. స్టాన్‌ఫోర్డ్ వైద్యులు రేడియేషన్ గుండెజబ్బును మొదట గుర్తుపట్టింది కూడా ఈ పొర దగ్గరే. ఆయన స్థాపించిన షేర్ సంస్థ వల్లే మేడ్చల్ దగ్గర ఘన్‌పూర్‌లో మెడిసిటీ వచ్చింది.

మెడిసిటీ చుట్టుపక్కల ఊళ్లలో షేర్ చేసిన ఒక పని గుండెకు సంబంధించింది కాదు, కానీ మన ప్రశ్నకు సంబంధించింది. 2009, 2011 మధ్య మేడ్చల్ మండలం ఊళ్లలో 1,227 మంది యువతులను 'లైఫ్' అనే అధ్యయనంలో చేర్చుకుని, గర్భం రాకముందు నుంచి, పిల్లలు పుట్టి పెరిగేదాకా వాళ్ల ఆరోగ్యం వివరాలు నమోదు చేస్తూ వెళ్లారు. మన పల్లెల్లో ఒక మనిషి ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి వెంబడించడం అయ్యేపని కాదు అనేవాళ్లకు అది జవాబు. పక్కనే శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో రేపటి మందులు, టీకాలు తయారవుతాయి. ఈ జబ్బుకి కావాల్సింది మాత్రం నిన్నటి కాగితం.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి 1955 నుంచి ఉంది. బసవతారకం ఆస్పత్రి 2000లో వచ్చింది. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ 2008కల్లా రాష్ట్రమంతా పాకింది. తెల్లకార్డు ఉన్న కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స చేతికందింది. ఇప్పుడు లెక్క వేయండి. అప్పుడు నలభైల్లో ఉండి కరెంటు పెట్టించుకుని బతికిన స్త్రీలు ఇప్పుడు అరవైల దగ్గర ఉన్నారు. జబ్బు బయటపడే కాలం సరిగ్గా ఇదే. ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఐదేళ్లకు, మిగతావాళ్లకు పదేళ్లకు, ఆపైన ప్రతి ఐదేళ్లకోసారి ఎకో చేయాలని యూరప్, అమెరికా ఎకో నిపుణులు 2013లోనే చెప్పారు. కానీ క్యాన్సర్ ఫైలు ఒక ఆస్పత్రిలో, గుండె డాక్టరు ఇంకో ఆస్పత్రిలో. మధ్యలో ఇల్లు మారినప్పుడు పోయిన ప్లాస్టిక్ కవరు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఇది తెలిసిన బాధే: ఎప్పుడో మూసేసిన సిస్టమ్‌లో ఉన్న లాగ్ ఈరోజు తప్పుకి కారణం చెప్పాలి.

ఇప్పుడు రేడియేషన్ ఇచ్చేటప్పుడు గట్టిగా ఊపిరి బిగపట్టిస్తారు. ఊపిరితిత్తులు ఉబ్బి, గుండె కిరణాలకు దూరం జరుగుతుంది. రేపటివాళ్లకు ముప్పు తగ్గుతుంది. నిన్నటివాళ్లకు మిగిలింది ఆ కాగితమే. ఇంట్లో అమ్మమ్మకో పెద్దమ్మకో మేనత్తకో ఆ చికిత్స జరిగి ఉంటే ఈ ఆదివారం బీరువా వెతకండి. ఏ సంవత్సరం, ఏ వైపు, ఎన్ని సిట్టింగులు, మొత్తం ఎన్ని గ్రేలు, ఈ నాలుగూ ఉన్న డిశ్చార్జి కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. కాగితం దొరక్కపోతే ఆవిడనే కూర్చోబెట్టి అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. తర్వాత ఎప్పుడు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆయన అడగకపోయినా, మొదట అది చూపించండి.