కేబుళ్లు పరిచినవాళ్ల జాతర

హైదరాబాద్ హైటెక్స్‌లో శని, ఆదివారాలు గేమర్ల మేళా ఉందంటే పాతబస్తీలోని కిషన్‌బాగ్ కుర్రాళ్లకు అదో పెద్ద ప్రయాణం. అత్తాపూర్, మెహిదీపట్నం, గచ్చిబౌలి దాటుకుని ఊరికి ఆ కొసన తేలాలి. టికెట్ కొని చూడ్డానికి వెళ్లేవాళ్లు కొందరైతే, గేట్లు తెరవకముందే చేరుకుని వచ్చేవాళ్ల చేతులకు రిస్ట్‌బ్యాండ్లు కట్టేవాళ్లు ఇంకొందరు. నేను రాయాలనుకున్నది ఈ రెండో వాళ్ల గురించి. గేమర్ల మేళా ఎక్కడ పుట్టిందని వెనక్కి వెతుక్కుంటూ పోతే స్పాన్సర్లూ లేరు, వేదికా లేదు. పని చేయడానికి ముందుకొచ్చిన అభిమానులే ఉన్నారు.

ఇంటర్నెట్‌కు ముందు కూడా దూరం నుంచి ఆడుకునేవాళ్లు ఉండేవారు. అమెరికాలో 1960లలో యుద్ధవ్యూహాల బోర్డు ఆటలు ఆడేవాళ్లు పోస్టులో ఎత్తులు రాసి పంపుకునేవారు. ఏళ్ల తరబడి పోరాడిన ప్రత్యర్థి ముఖం ఎలా ఉంటుందో తెలియదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాలో గ్యారీ గైగాక్స్ అనే ఆటల పిచ్చోడు 1968 ఆగస్టులో తోటల సంఘం వాళ్ల హాలును 50 డాలర్లకు అద్దెకు తీసుకుని వాళ్లందరినీ పిలిచాడు. అదే జెన్‌కాన్. మరుసటి ఏడు అక్కడికే వచ్చిన డేవ్ ఆర్నెసన్‌తో ఆయనకు పరిచయమైంది. ఆ ఇద్దరూ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. ఆటల వల్ల మేళాలు పుడతాయనుకుంటాం, ఇక్కడ మేళా వల్లే ఆట పుట్టింది.

కంప్యూటర్ల సంగతికొస్తే, 1993 డిసెంబర్‌లో వచ్చిన డూమ్ అనే ఆట నలుగురిని ఒకే నెట్‌వర్క్ మీద కలిపి ఆడించింది. 1996 జూన్‌లో అదే కంపెనీ, ఐడీ సాఫ్ట్‌వేర్, క్వేక్‌ను విడుదల చేసింది. ఆ ఆట గురించి ఐఆర్‌సీ చాట్‌లో రాత్రింబవళ్లు మాట్లాడుకునేవాళ్లు కొందరు, ఒక్కసారి అందరం ఒకచోట కూర్చుంటే ఎలా ఉంటుందని అనుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే ఆగస్టులో టెక్సాస్‌లోని గార్లండ్ పట్నంలో లా క్వింటా అనే మామూలు హోటల్లో కలిశారు. జిమ్ ఎల్సన్, యోసేరియన్ హోమ్‌బర్గ్ ముందుండి నడిపించారు. ఎవరి కంప్యూటర్ వాళ్లే తెచ్చుకోవాలి. అప్పటి మానిటర్ అంటే గాజు గొట్టంతో మోయలేనంత బరువు. కారు డిక్కీలోంచి దాన్ని దించుకుని, పొట్టకు ఆనించుకుని లోపలికి మోసుకెళ్లాలి. ఐడీ సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆ దగ్గర్లోనే ఉండటంతో, ఆటను రాసిన జాన్ కార్మాక్ స్వయంగా వచ్చి పార్కింగ్ స్థలంలో నిలబడి వాళ్లతో మాట్లాడాడు. క్వేక్‌కాన్ పుట్టుక అదే. తర్వాత కంపెనీ అండగా నిలిచింది, జనం వేలల్లోకి పెరిగారు. అయినా దాన్ని నడిపే భారం చాలా ఏళ్లు వాలంటీర్లదే.

స్వీడన్‌లో కథ ఇంకా చిన్నచోట మొదలైంది. మాలుంగ్ అనే ఊళ్లో బడి నేలమాళిగలో కొందరు స్నేహితులు కంప్యూటర్లు కలుపుకుని ఆడేవారు. 1994లో బడి క్యాంటీన్‌లోకి మారినప్పుడు దానికి డ్రీమ్‌హ్యాక్ అని పేరుపెట్టారు. ఆ పేరే ఇరవై నాలుగేళ్ల తర్వాత, 2018 డిసెంబర్‌లో ముంబై చేరింది, 2019లో ఢిల్లీ, 2023 నవంబర్‌లో మన హైటెక్స్.

ఈలోపు మన దగ్గరా దారి పడుతూనే ఉంది. ఢిల్లీ హాట్‌లో 2011లో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాద్‌కు వచ్చింది. 2024 జనవరిలో నాడ్విన్ గేమింగ్ అనే కంపెనీ ఆ సంస్థను 55 కోట్ల రూపాయలకు కొనేసింది. కాని పాతబస్తీ గల్లీల్లోకి ఆటను తెచ్చింది మాత్రం మేళాలు కావు, 2016లో చవకైన డేటా, 2018లో పబ్‌జీ మొబైల్. అంతకుముందు నెట్ కేఫ్‌లో గంటకింత కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్లు కొద్దిమందే. ఇప్పుడు కంప్యూటర్ ముందు ఎన్నడూ కూర్చోని పిల్లాడు కూడా ఫోన్లో స్క్వాడ్ నడుపుతాడు. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీని నిషేధించారు. 2021లో బీజీఎమ్ఐ అనే పేరుతో వచ్చి, 2022లో మళ్లీ ఆగి, 2023లో తిరిగొచ్చింది. ఆట ఆగిపోయిన నెలల్లో కూడా స్క్వాడ్‌ల వాట్సాప్ గ్రూపులు ఆగలేదు. మేళాకు వచ్చేది ఆ బంధం కోసమే.

అక్కడ వాలంటీర్ పని చెప్పినంత తేలిక కాదు. ఒక కంప్యూటర్, మానిటర్ కలిసి 500 వాట్లు తీసుకుంటాయనుకుందాం. 200 మంది ఒకేసారి ఆడితే లక్ష వాట్లు కావాలి. ఒకే లైన్ మీద ఎక్కువ బోర్డులు తగిలిస్తే ట్రిప్ అవుతుంది, ఆ వరసంతా చీకటి, ఫైనల్ ఆగిపోతుంది. అందుకే ఏ బల్లకు ఏ లైనో ముందే రాసి పెట్టుకోవాలి. నేలమీది ప్రతి కేబుల్‌నూ టేపుతో అంటించాలి, లేకపోతే ఆటలోని పాత్రలా కాస్‌ప్లే వేషం వేసుకుని పొడుగాటి అంగీలో వచ్చే పిల్ల కాలికి తగులుతుంది. వేషంతో తెచ్చే అట్టకత్తిలో ఇనుపముక్క ఉందేమో గేటు దగ్గరే చూడాలి. "అన్నా, లైన్ ఇటు", "భాయ్, ఐడీ దిఖావ్" అని ఒకే ఊపిరిలో రెండు భాషల్లో చెప్పగలవాణ్ని వెతకాలంటే కిషన్‌బాగ్ కంటే మంచి చోటేది?

జనాన్ని సంబాళించడం ఆ బస్తీకి కొత్త కాదు. అక్కడి సిఖ్ ఛావ్‌నీ 1832లో మహారాజా రంజిత్‌సింగ్ పంపిన పటాలం స్థిరపడిన చోటు. గురుద్వారాలో లంగర్ వడ్డించే చేతులు, మిలాద్ జులూస్‌లో దారి చూపే చేతులు, గణేశ్ మండపం దగ్గర తాడు పట్టుకునే చేతులు కూలి అడగవు. అది భక్తి. కాని టికెట్లు అమ్మి నడిపే మేళా వేరు. టీషర్టు, భోజనం, ఉచిత ప్రవేశం ఇచ్చి రెండు రోజులు పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు. రోజు కూలి ఇవ్వాలి. రాత్రి పది దాటాక ఆడపిల్లలను పాతబస్తీకి దించే బండి కూడా నిర్వాహకులే పెట్టాలి.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేలను నిషేధించి, ఇ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. గేమింగ్ అంటే జూదమేనని భయపడే తల్లిదండ్రులకు చూపించడానికి ఒక కాగితం దొరికింది. మన బస్తీలోనే ఒక చిన్న మేళా పెట్టుకోవాలంటే ఇక కావలసింది చోటు. పాతబస్తీలో ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. పెళ్లిళ్లు రాత్రిపూట, పగలు చాలా హాళ్లు ఖాళీ. కుర్చీలు, జనరేటర్, వంటశాల సిద్ధంగా ఉంటాయి. నలుగురేసి ఆడే పదహారు స్క్వాడ్‌లంటే 64 ఫోన్లు. ఒక్క రౌటర్ మీద అన్నీ వేస్తే పింగ్ పెరిగి ఆట చెడుతుంది, కనీసం మూడు నాలుగు వేర్వేరు చోట్ల పెట్టాలి, చార్జింగ్ బోర్డులు ప్రతి బల్లకూ ఉండాలి. రాత్రి పెళ్లివాళ్లు వచ్చేలోపు, సాయంత్రం ఐదింటికల్లా ఫైనల్ ముగించి హాలు ఊడ్చి అప్పగించాలి.