తవుడులో పోయింది, రొట్టెలో దొరికింది

ఆస్ట్రేలియాలో మనం కొనే రొట్టెకూ, ఒకప్పుడు కోస్తా జిల్లాల్లో తిన్న మరబియ్యానికీ ఒక చుట్టరికం ఉంది. దాని పేరు థయమిన్, అంటే బి1 విటమిను. ఆ కథలో పెర్త్ న్యూరోపాథాలజీ డాక్టర్లకు పెద్ద పాత్రే ఉంది.

మెదడును పలచని పొరలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసి జబ్బును తేల్చే శాస్త్రం న్యూరోపాథాలజీ. మిగతా డాక్టర్ల ఒప్పులూ తప్పులూ చివరికి ఈ బల్ల మీదే బయటపడతాయి.

1881లో కార్ల్ వెర్నికె ముగ్గురు రోగులను చూసి ఒక మెదడు జబ్బును వర్ణించాడు. కంటిపాపలు సరిగా కదలకపోవడం, నడక తూలడం, మతి తడబడడం దాని లక్షణాలు. థయమిన్ లోపమే దానికి మూలమని తరవాత తేలింది. వేళకు ఇంజెక్షను పడితే మనిషి కోలుకోవచ్చు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పోతుంది, ప్రాణానికీ ముప్పే. తాగుబోతులకే వస్తుందనుకోరాదు. ఆగని వాంతుల వల్ల, తిండి అందకపోవడం వల్ల కూడా వస్తుంది.

పెర్త్‌లో డాక్టర్ క్లైవ్ హార్పర్ శవపరీక్షల్లో బయటపడ్డ 51 కేసులను 1979లో ప్రకటించారు. 1986లో ఆయన బృందం 131 కేసుల పాత చికిత్సా కాగితాలు తిరగేసింది. బతికుండగా జబ్బు పట్టుకున్నది 20 శాతం మందిలోనే! మూడు లక్షణాలూ కలిసి కనబడినవారు 16 శాతమే. మూడూ కనబడేదాకా ఆగే డాక్టరు చాలామందిని పోగొట్టుకుంటాడన్నమాట.

ఈ విటమిను లోటు మనవాళ్ళకు కొత్తది కాదు. ఉత్తర సర్కారులు బెరిబెరికి పేరుపడ్డవి. మాల్కంసన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో దాని మీద గ్రంథం అచ్చువేశాడు. 1940 ప్రాంతంలో కూనూరులో ఏక్రాయిడ్ బృందం కారణం వివరించింది. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఆ జబ్బు అరుదు; పచ్చిబియ్యం మర పట్టించి తినే మన సర్కారుల్లో ఎక్కువ. వడ్లు ఉడికిస్తే విటమిను గింజలోకి ఇంకుతుంది. పచ్చిబియ్యాన్ని తెల్లగా మర పడితే తవుడుతో పాటే పోతుంది.

ఆస్ట్రేలియాలో 1991 జనవరి నుంచి రొట్టెల పిండిలో థయమిన్ కలపడం తప్పనిసరి అయింది. హార్పర్ బృందం సిడ్నీలో 2,212 మెదళ్ళు పరిశీలించి 1998లో ఫలితం ప్రకటించింది. 25 మెదళ్ళలోనే, అంటే 1.1 శాతంలో, జబ్బు కనబడింది. మునుపటి లెక్కల కంటే ఇది తక్కువ.

ఆసుపత్రివారు శవపరీక్షకు అనుమతి అడిగితే మన ఇళ్ళలో వెంటనే వద్దంటాం. దహనం ఆలస్యమవుతుందన్న బాధా, శరీరాన్ని కోస్తారన్న జంకూ సహజమే. నిర్ణయం ఎవరింటిది వారిదే. అయితే పెర్త్‌లో ఆ మెదళ్ళను ఎవరూ చూడకపోతే, ఆ రోగుల్లో ఎక్కువమంది ఏ జబ్బుతో పోయారో ఎవరికీ తెలిసేది కాదు. ఈ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకుంటే, దుఃఖంలో ఉన్న పిల్లల మీద ఆ బరువు పడదు.